పొడపత్రిని చెరకులా పాతిన మనిషి

మా ఇంట్లో ముందు గది గోడకి, మేకుకి, ఒక శాలువా ఉంటుంది. జరీ అంచు శాలువా. మా ఆయనకి కప్పింది. దుమ్ము పడుతుందని ప్లాస్టిక్ కవరు కూడా తొడిగాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాన్ని చూడాలి, తర్వాతే కుర్చీ. దేనికి కప్పారండీ అని వాళ్ళు మర్యాదకి అడుగుతారు. "పొడపత్రిని బతికించినందుకు" అంటాడు. నేను వంటింట్లో గరిటె కాస్త గట్టిగా గిన్నెకేసి కొడతాను. అంతకన్నా ఏం చేసేది?

పొడపత్రి తెలియనివాళ్ళకి చెబుతాను. కంచెల మీద, తుప్పల మీద పాకే సన్నని తీగ. చూడ్డానికి ఏ గొప్పా ఉండదు. కానీ దాని ఆకు ఒకటి బాగా నమిలి, ఆ మీదట బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే ఇసక నమిలినట్టుంటుంది. ఉప్పు తెలుస్తుంది, కారం తెలుస్తుంది, తీపి ఒక్కటే పోతుంది. కాసేపటికి మళ్ళీ వస్తుందనుకోండి. అనకాపల్లి చుట్టుపక్కల పుట్టి, బెల్లం వాసనలో పెరిగినవాళ్ళకి ఇదెంత విడ్డూరమో మీరే ఆలోచించండి. ఆ ఆకు షుగరు జబ్బుకి మంచిదని ఎవరో అన్నారట, అంతే, కొనేవాళ్ళు బయల్దేరారు, పీకేవాళ్ళు బయల్దేరారు. ఆకు కోసుకుంటే సరిపోయేదానికి వేళ్ళతో సహా లాగేసి మోపులు కట్టారు. జబ్బుకి మంచిదో కాదో నాకు తెలియదు, నేను డాక్టర్ని కాదు. నాకు తెలిసింది మా అమ్మ నమలడం.

మాది కోటవురట్ల వైపు, కొండ కింద ఊరు. మాకు భూమి లేదు. చెరకు నరికే రోజుల్లో అమ్మ బెల్లం పాకలోకి కూలికి వెళ్ళేది. ఆవిరి కక్కే పెనం పక్కన పొద్దల్లా నిలబడి పని చెయ్యాలి. వేడి బెల్లం వాసనకి ఆకలితో ఉన్న కడుపు ఎలా మెలిపెడుతుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. కూలీలు ఎక్కడ వేలు పెట్టి నాకుతారో అని ఆసామి ఓ కన్నేసి ఉంచేవాడు. అందుకని అమ్మ ఇంటి దగ్గర బయల్దేరేముందే కొండ వాలులో ఉన్న తీగ నుంచి కాసిని ఆకులు తుంచి కొంగున కట్టుకుని, పనిలో మధ్యమధ్య నమిలేది. ఎందుకే అని అడిగితే ఒకటే మాట. "నోరూరితే సెయ్యి సాపాలనిపిత్తాది గుంటా. మనం సెయ్యి సాపకూడదు."

ఒకసారి పట్నం నుంచి వచ్చిన మా పిన్ని పిల్లలకి ఆ ఆకు తినిపించి, తర్వాత బెల్లం పెట్టి, వాళ్ళు ఉమ్మేస్తుంటే పడీపడీ నవ్వాను. అమ్మ నా వీపు చిట్లగొట్టింది. "అది ఆడుకునీ ఆకేటే?" అంది. ఆ దెబ్బ ఎందుకు పడిందో అప్పుడు అర్థం కాలేదు. పెద్దదాన్నయ్యాక, నా పిల్లలు ఆకలంటే ఏమిటో తెలియకుండా పెరిగాక అర్థమైంది.

నన్ను కశింకోట దగ్గర చెరకు వేసే ఇంటికి ఇచ్చారు. కొద్దిపాటి భూమే, కానీ మా అమ్మ కంటికి అది జమీందారీ. మా ఆయన మంచివాడు కాదని నేను ఎవరితోనూ అనలేదు, ఇప్పుడూ అనను. తాగడు, కొట్టడు, కష్టపడతాడు. కాకపోతే చెరకు తప్ప ఈ భూమ్మీద ఇంకేదీ మొలవదని ఆయన నమ్మకం. దొడ్లో నేను వంకాయ నారు పోసుకుంటే పక్కన నిలబడి, "సెరుక్కైతే ఇంత నీరు పెట్టం" అంటాడు. ఎవరి పెళ్ళికి వెళ్ళినా పెళ్ళికూతుర్ని చూడడు, దారిలో తోటలు చూస్తాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మాట ఎవరు పుట్టించారో గానీ, మా ఇంటి అరుగు మీద కూర్చునే పుట్టించి ఉంటారు.

అమ్మ పోయింది. అమ్మ ఉన్న గుడిసె చోట ఇప్పుడు వేరేవాళ్ళ డాబా ఉంది. కొన్నేళ్ళ క్రితం శ్రావణమాసంలో ఆ ఊళ్ళో బంధువుల ఇంటికి వెళ్ళాను. వెళ్ళి చూస్తే కొండ సగం లేదు. కంకర కోసం తవ్వుతున్నారు. పొక్లెయిన్ రోజూ కొంచెం కొంచెం వాలు మీదికి జరుగుతోంది. అమ్మ ఆకు తుంచుకునే తుప్ప ఇంకా ఉంది, దాని మీద తీగ ఉంది. ఊళ్ళో వాళ్ళని అడిగాను, ఇంకెక్కడైనా ఉందా అని. "ఎక్కడుందమ్మా, పీకేసేరు కదా" అన్నారు. ఈ లోకంలో అమ్మ తాలూకు మిగిలింది అదొక్కటే అని నాకు అప్పుడే తట్టింది. ఫోటో కూడా లేదు మా అమ్మది.

కత్తి అడిగి తెచ్చుకున్నాను. మరీ లేత కొస పనికిరాదు, మరీ ముదురు కొయ్యా పనికిరాదు. పెన్సిలంత లావున్న తీగ చూసి కోశాను. తడి చీరగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, షేర్ ఆటోలు మారుతూ ఇంటికొచ్చాను. పక్కన కూర్చున్నావిడ, "పసిపిల్లేటమ్మా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇంటికొచ్చి ముక్కలు చేశాను. ముక్కకి మూడు కణుపులు. మేం వాటిని కళ్ళంటాం. కింది కన్నుకి కాస్త కిందగా ఏటవాలుగా కోత, పైన తిన్నగా కోత. అలా కోస్తే ఏది తలో ఏది కాలో తర్వాత తికమక ఉండదు. అడుగున కలబంద గుజ్జు రాసి, ఇసకా ఎర్రమట్టీ కలిపిన సంచుల్లో సగం ముక్కలు నిలబెట్టాను. స్నానాల గది వెనక, ఎండ పడని చోట. చీకటి పడిపోయింది. మిగతా సగం తడి గోనె కింద పెట్టి, పొద్దున్న చూద్దాంలే అనుకున్నాను.

పొద్దున్న బియ్యం మరకి వెళ్ళి వచ్చేసరికి గోనె కింద ఏమీ లేవు. మా ఆయన పొలం నుంచి కాళ్ళకి బురదతో వస్తున్నాడు, ముఖం వెలిగిపోతోంది.

"నీ పుల్లలు పాతేసేనే. గట్టు పక్క సాలు ఖాళీగా ఉంటే అందులో ఏసేసేను."

"ఎలా పాతారండీ?"

"ఎలాగేటి? మూడు కళ్ళున్నాయి కదా. ముచ్చెలాగే."

చెరకు ముచ్చె అంటే మూడు కళ్ళ చెరకు ముక్క. దాన్ని ఎవరూ నిలబెట్టరు. సాలు తీసి, నీళ్ళు పెట్టి, బురదలో వరసగా పడుకోబెట్టి, కాలితో తొక్కుతారు. కన్ను ఎక్కడున్నా అదే పైకి వస్తుంది. ఆయన మా అమ్మ తీగని బురదలో పడుకోబెట్టి తొక్కి వచ్చాడు.

"ముచ్చెలు కావండీ అవి, తీగ. నిలబెట్టాలి. పై కన్నుకి గాలి తగలాలి. బురదలో కుళ్ళిపోతాయి."

"నేను నడక నేర్సినకాడ్నుంచీ పాతతన్నాను. నాకు పాతడం నేర్పుతావేటే?"

పరుగెత్తుకెళ్ళి తీద్దామనుకున్నాను. రానివ్వలేదు. పాతిన ముచ్చె పీకడం అశుభమట. వానలు దంచి కొట్టాయి. ఆ తర్వాత ఓ రోజు ఆయన లేనప్పుడు వెళ్ళి చేత్తో బురద తవ్వాను. ఒక్కొక్కటీ నల్లబడి, వేళ్ళ మధ్య కుళ్ళిన అరటితొక్కలా జారిపోయింది. ఆయనతో చెబితే నా వైపు చూడకుండానే, "నువ్వు తెచ్చిందే సచ్చిన పుల్లలు" అన్నాడు.

సరే, నా సగం నాకు ఉంది కదా అనుకున్నాను. వాటిని ఎలా చూసుకున్నానో చెబితే మీరు నవ్వుతారు. పైన పాత ప్లాస్టిక్ షీటు కప్పి, రోజూ తీసి, చేత్తో నీళ్ళు చిలకరించి, మళ్ళీ కప్పేదాన్ని. వేరు పట్టిందో లేదో లాగి చూడాలని చేతులు దురద పెడతాయి. లాగకూడదు. లాగితే సన్నని వేరు తెగుతుంది. కొన్ని ఎండిపోయాయి. కొన్నింటికి మాత్రం పై కన్ను దగ్గర గోరంత పచ్చటి చిగురు లేచింది. ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. స్నానాల గది వెనక నేలమీద చతికిలబడి, "అమ్మా, వచ్చేసేవా" అన్నాను పైకే.

బలిసినవాటిని అక్కడే గోడ వెంబడి నేలలో నాటాను. మరుసటి ఏడాదికి గోడంతా కప్పేశాయి. ఈలోగా కబురొచ్చింది, ఆ కొండ వాలు పూర్తిగా పోయిందని. తుప్పా లేదు, తీగా లేదు. అంటే నాకు తెలిసినంతలో అమ్మ తీగ అంటూ ఉంటే మా స్నానాల గది గోడ మీదే ఉంది.

ఆ చలికాలం మొక్కల సంస్థ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కనుమరుగైపోతున్న మందుమొక్కలు ఎక్కడున్నాయో వెతుకుతూ తిరుగుతోందట. గోడ చూసి నోరు తెరిచేసింది. "ఇంత బాగా పెంచారు! రైతు ఎవరండీ?" అని అడిగింది.

మా ఆయన తువ్వాలు దులుపుకుని ముందుకొచ్చాడు. రైతు అంటే ఆయనే మరి. పట్టా ఆయన పేరున ఉంది, గోడ ఆయనది, పెళ్ళాం ఆయనది. తీగ పట్టుకుని నిలబడమంది ఆ అమ్మాయి, ఫోటో తీసింది. ఆ తీగని ఆయన తాకడం, తొక్కిన రోజు తర్వాత అదే మొదలు. నేను టీ తెచ్చిచ్చాను. "మీరు కూడా సాయం చేస్తారా అండీ?" అని నవ్వుతూ అడిగింది నన్ను. మంచి పిల్లే. "ఆఁ, నీళ్ళు పోస్తానమ్మా" అన్నాను. నా గొంతులో విషం ఆ పిల్లకి తెలియలేదు. పక్కనున్న ఆయనకీ తెలియలేదు, అదీ నా ఖర్మ.

చుట్టుపక్కల ఊళ్ళ రైతుల్ని పిలిచి సభ పెడతామని, అందరికీ తలా కొన్ని ముక్కలు ఇస్తే కంచెల మీద వేసుకుంటారని ఆ అమ్మాయి చెప్పింది. నాకు నచ్చింది. నిజంగా నచ్చింది. ఒక్క గోడ మీద ఉన్నది పది ఊళ్ళ కంచెల మీద ఉంటే ఇంకెవడు పీకగలడు? కానీ ఎండలు ముదురుతున్నాయి. అందుకని ఇప్పుడు కొన్ని కోసిద్దాం, మిగతాది వానలు పడ్డాక ఇద్దాం అన్నాను. ఆ అమ్మాయి సరేనంది. మా ఆయన కూడా తలూపాడు. ఆ తలూపుడు నమ్మడం నా తెలివితక్కువతనం కాదు, ఇన్నేళ్ళ కాపురం చేసిన అలవాటు.

సభ రోజు పొద్దున్న నేను రేషన్‌కి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గోడ బోడిగా ఉంది. సున్నం మచ్చలు కనబడుతున్నాయి. బుట్టల నిండా తీగ ముక్కలు. మా ఆయన పార పట్టుకుని, నేలకి మట్టంగా, కాదు, నేలకి ఇంకా కిందకి మొదళ్ళు చెక్కేస్తున్నాడు.

"ఓలమ్మో! ఏటండీ ఇది!" అని అరిచాను.

"అరవకే. పదిమందికిచ్చీటప్పుడు సెయ్యి ముడుసుకుంటే పరువేటి ఉంటాది?"

"మొదలెందుకు చెక్కేస్తున్నారు? చచ్చిపోతుంది!"

"ఎందుకు సత్తాది? సెరుకు నరికేక మోడు సెక్కమా? సెక్కితేనే కార్సి బాగా వత్తాది. ఇదీ వత్తాది. నీకేటి తెల్సు."

చెరకు నరికిన మోడు చెక్కితే మళ్ళీ పిలకలొస్తాయి. దాన్ని కార్సి అంటాం. భూమిలో బలంగా పాతుకున్న చెరకు దుబ్బు అది. ఇది నిన్నగాక మొన్న వేరు పట్టిన తీగ. ఎండాకాలంలో మొదలు చెక్కేస్తే ఇంకేం మిగులుతుంది? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు చెప్పాను, అరిచాను, చివరికి ఆ మట్టిలో కూర్చుని ఏడ్చాను. ఆయన కంగారు పడ్డాడు. "ఎహె, మొక్కకేటే ఏడుపు" అని బుట్టలు ఆటోలో పెట్టించాడు. కింద రాలిన ఆకులు నేను ఏరుకుని నీడలో ఆరబెట్టి, చిన్న డబ్బాలో పోసుకున్నాను.

సభకి నేనూ వెళ్ళాను. కనీసం ఆ బుట్టల్లోవైనా బతకాలి కదా అనుకున్నాను. షామియానా, మైకు, పులిహోర పొట్లాలు. మా ఆయనకి శాలువా కప్పారు. చప్పట్లు. ఎలా పెంచారో మీ అనుభవం చెప్పండి అని మైకు ఇచ్చారు. ఆయన గొంతు సవరించుకుని, ఒక ముక్క పైకెత్తి చూపించి చెప్పాడు కదా:

"ఇందులో గొప్పేటి లేదు బావా. మూడు కళ్ళుంటాయి. మన ముచ్చెలాగే. సాలు తియ్యాల, నీరు పెట్టాల, పడుకోబెట్టాల, కాలితో తొక్కాల. అంతే."

ఆయన అబద్ధం చెప్పలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది. తను పాతినవన్నీ కుళ్ళాయన్న సంగతి ఆయన మనసులో ఎప్పుడూ లేదు. గోడ మీద పెరిగిందంటే తను పాతినట్టే పెరిగింది. కింద కూర్చున్నవాళ్ళందరూ చెరకు రైతులే. తలలూపుతున్నారు. వాళ్ళకి తెలిసిన పనే, తెలిసిన మాటలే.

లేచి నిలబడ్డాను. "అలా కాదు! పడుకోబెట్టకూడదు, నిలబెట్టాలి!" అని గట్టిగా అన్నాను. అందరూ వెనక్కి తిరిగారు. మైకు దగ్గరున్న పెద్దమనిషి నవ్వుతూ అందుకున్నాడు: "అమ్మా, ఇంటికెళ్ళేక నిలబెడుదురుగాని మీ ఆయన్ని. ఇప్పుడు మాట్లాడనివ్వండి." షామియానా ఎగిరిపోయేట్టు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. సంస్థ అమ్మాయి పొట్లాలు పంచుతోంది. వెళ్ళి చేయి పట్టుకుని చెప్పాను. "రైతుల అనుభవం కదండీ, అది కూడా రికార్డు చేస్తున్నాం" అంది.

ఆ తర్వాత షేర్ ఆటోలో ఎవరు కనబడినా అడిగేదాన్ని, మీకిచ్చిన పుల్లలు మొలిచాయా అని. ఒకావిడ చిరాకు పడింది. "ఏటి మొలుత్తాయమ్మా? మీ ఆయన సెప్పినట్టే పడుకోబెట్టేం. కుళ్ళిపోనాయి. ఆ మొక్క మన నేలకి రాదు." ఇంకొకాయన, "అందుకే కదా కొండల మీద సచ్చిపోయింది" అన్నాడు. చూశారా, చివరికి తప్పు మొక్కది. పీకినవాడిది కాదు, కొండ తవ్వినవాడిది కాదు, తొక్కినవాడిది కాదు. పడుకోబెడితే లేవలేకపోయిన మొక్కది.

వానలొచ్చాయి. స్నానాల గది వెనక రోజూ వంగి చూసేదాన్ని. గడ్డి మొలిచింది, తోటకూర మొలిచింది. ఆ మొదళ్ళు మాత్రం వేలు పెడితే పొడిపొడిగా ఊడొచ్చాయి. డబ్బాలో ఆకులు ఉన్నాయి. అమ్మ మరీ గుర్తొచ్చినప్పుడు ఒకటి తీసి నమిలేదాన్ని. ఎండినా పని చేసేవి. ఎండాకు పాతితే మొలవదు కదా, నమలడానికే.

మొన్న కొండకర్ల వైపు ఊళ్ళో మళ్ళీ సభ అన్నారు. మా ఆయన్ని పిలిచారు. పొద్దున్నే తలంటుకుని, తెల్లచొక్కా వేసుకుని, మేకు మీది శాలువా దించుకుని, "ఓ నాలుగు ముక్కలు కోసియ్యే. సేత్తో పట్టుకుని సూపించాలి కదా" అన్నాడు.

ఈ మనిషికి తెలియదు. రోజూ ఆ గోడ పక్కనే స్నానం చేస్తాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. సన్నగా తుంపర పడుతోంది. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన బోడి గోడని చూశాడు, నేలని చూశాడు, తెల్లచొక్కా తడుస్తుందని చూరు కిందికి జరిగాడు.

"వానలు పడనీ. కార్సి వత్తాదిలే" అన్నాడు.

లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చాను. అడుగున కొంచెం మిగిలింది. అంతా ఆయన చేతిలో పోసి, నమలమన్నాను.

"ఏటిది? సేదుగా ఉంది."

"మీరు బతికించిన మొక్క."

అప్పుడు తట్టింది నాకు. శాలువా కప్పించుకున్న మనిషి ఆ ఆకు రుచి ఎప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళలో, అది దేనికని నన్ను అడగనూ లేదు. ఉట్టి మీద నుంచి మా సొంత బెల్లం దిమ్మ దించి, పెద్ద ముక్క విరిచి నోట్లో పెట్టాను. ఆయన ముఖం మారిపోయింది. ఉమ్మేశాడు.

"ఏటే ఇది, మన్ను పెట్టేవా?"

"మన తోటదే. పాకలో మీరు దగ్గరుండి వండించిందే."

తనే ఇంకో ముక్క విరుచుకున్నాడు. మరో ముక్క. బెదిరిపోయాడు. జీవితమంతా చెరకు తప్ప ఎరగని మనిషికి బెల్లం తియ్యగా లేకపోతే ఇంకేముంది? "నా నోటికేటయ్యిందే?" అన్నాడు. జాలేసింది నాకు. అబద్ధం ఎందుకు, సంతోషం కూడా వేసింది. "తగ్గుతుందిలెండి. మా అమ్మ రోజూ ఇది నమిలి, మీలాంటి ఆసాముల బెల్లం వండింది" అన్నాను. ఆయన ఏదో అడగబోయాడు. ఇన్నేళ్ళకి మొదటిసారి మా అమ్మ గురించి ఏదో అడగబోయాడు. వీధిలో ఆటో హారన్ కొట్టింది.

"పుల్లలు లేకపోతే మానె, మాట సెప్పొచ్చు కదా" అని శాలువా సర్దుకుని వెళ్ళిపోయాడు. నేను ఖాళీ డబ్బా కడిగి బోర్లించాను. అమ్మ తీగలో ఆఖరి ఆకులు కూడా ఆయనకే ఖర్చు పెట్టాను.

సాయంత్రం వచ్చాక టీ ఇచ్చి, సభలో ఏం చెప్పారని అడిగాను.

"ఏటి సెప్తాను, ఎప్పుడూ సెప్పిందే. ముచ్చెలాగ పడుకోబెట్టి తొక్కమన్నాను" అన్నాడు. ఒక గుక్క తాగి, టీలో పంచదార ఎక్కువైందన్నాడు.